పాచి గీకని మడి

మా అమ్మకు పాచి అంటే పరమ అసహ్యం. నౌపడ ఉప్పుమడుల మధ్య పుట్టి, ఆ మడుల్లోనే మెట్టిన మనిషి. నాన్న లారీ మీద ఊళ్ళు తిరిగేవాడు కాబట్టి మడుల పెత్తనమంతా ఆవిడదే. మడి అడుగున పచ్చగా, జిగటగా ఒక తోలు కడుతుంది. అది కంటబడితే చాలు, తింటున్న కంచం పక్కన పెట్టి మరీ గీకడానికి దిగుతుంది. పాచి ఉన్న మడిలో ఉప్పు తెల్లగా రాదు. కొనేవాడు మూతి ముడుస్తాడు, పక్క మడివాళ్ళు చెవులు కొరుక్కుంటారు. చిన్నప్పుడు నేను బడికి బయల్దేరుతుంటే చేతికి చెక్కపార ఇచ్చి, "ఆ మూల గీకీసి ఎల్లు గుంటా" అనేది. గుంట అంటే మా వైపు ఆడపిల్ల. గీకీ గీకీ నా చేతులకు అదే అలవాటైపోయింది. ఇప్పటికీ నీళ్ళతొట్టి గోడ మీద కాస్త పచ్చదనం కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. అలాంటి నేను డాక్టరేటు కోసం ఆ పాచినే పట్టుకుని వేలాడతానని ఎవరైనా చెప్పి ఉంటే, మా అమ్మ చీపురు తిరగేసేది.

నేను టెక్కలిలో ఒక కాలేజీలో భూగర్భశాస్త్రం చెబుతాను. ఆ మాట మా అత్తగారికి నోరు తిరగదు. "మా కోడలు రాళ్ళ టీచరు" అంటుంది అందరితో. కాపురం పలాసలో. ఉద్యోగం చేసుకుంటూనే విశాఖలో పరిశోధనకు చేరాను. నా గైడు గారి గదిలో, కిటికీ కింద, వింధ్య కొండల నుంచి తెచ్చిన ఇసుకరాతి పలకలు ఉండేవి. నూట అరవై కోట్ల ఏళ్ళ కిందట, ఒక లోతులేని సముద్రం అంచున ఇసుక పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడిన రాయి అది. అప్పటి అలల గుర్తులు దాని మీద ఈ రోజుకీ చెక్కుచెదరలేదు. ఆ అలల సందుల్లో, చిటికెన వేలి మందాన, మెలికలు తిరిగిన ఉబ్బు గీతలు. అచ్చం వానపాము పాకిన జాడల్లా ఉంటాయి.

గొడవంతా ఆ గీతల గురించే. అవి నిజంగా ఏదో పురుగు పాకిన జాడలే అయితే, కదిలే జంతువు పుట్టుక మనం అనుకుంటున్నదానికంటే వంద కోట్ల ఏళ్ళు వెనక్కి జరుగుతుంది. పుస్తకాలన్నీ తిరగరాయాలి. మా గైడు గారు అవి పురుగు జాడలేనని గట్టిగా నమ్మినవారు. హైదరాబాదులో పనిచేసే ఆయన ప్రాణస్నేహితుడు, ఆయనా ప్రొఫెసరే, అవి ఉత్త ఎండ పగుళ్ళని, వాటిలో ప్రాణమూ లేదు పాడూ లేదని అనేవారు. ఇద్దరూ ఒకే హాస్టలు గదిలో ఉండి చదువుకున్నవాళ్ళు. కలిస్తే ఇడ్లీ తింటూ కూడా అదే పోట్లాట.

నాకు మాత్రం మొదటి రోజు నుంచీ ఆ పలకను ఎక్కడో చూసినట్టే ఉండేది. ఒకసారి సెమినారులో గైడు గారు ఆ గీతల్ని తెర మీద పెద్దవి చేసి, "ఇదిగో, తల ఇటు, తోక అటు" అని చూపిస్తున్నారు. నాకు నోరు ఆగదు. ఆగని నోటికి మా వంశంలో మందు లేదు. లేచి నిలబడి, "తలా లేదు, తోకా లేదు సార్. అది పాచి తోలు. ఎండకు ముడుచుకుని చిరిగితే అలాగే మెలికలు తిరుగుతుంది. ఆ చిరుగుల్లో ఇసుక నిండితే గీతలవుతాయి. మా ఊళ్ళో మడుల నిండా అదే" అనేశాను.

హాలంతా ఘొల్లుమంది. గైడు గారు నవ్వలేదు. సాయంత్రం గదికి పిలిచారు.

"ఏమ్మా, నా మాట తప్పన్నావు. అనొచ్చు, నాకేం కోపం లేదు" అన్నారు. ముఖం మాత్రం కందగడ్డలా ఉంది. "నీ థీసిస్‌లో ఈ పాచి అధ్యాయం పెట్టావు. మా ఊళ్ళో చూశాను అంటే సైన్సు అయిపోదు. నేను జూన్ నెలాఖరుకు రిటైరవుతున్నాను. ఈలోగా రుజువు పట్టుకురా. లేదంటే ఆ అధ్యాయం తీసెయ్. మిగిలినదానికి రేపే సంతకం పెడతాను."

తీసేస్తే పట్టా వస్తుంది. కానీ మిగిలినదంతా ఎవరైనా రాయగలిగేదే. ఆ ఒక్క అధ్యాయమే నాది. కళ్ళారా చూసి పెరిగిన నిజాన్ని నా చేత్తో నేనే చింపుకుని, డాక్టరమ్మా అని పిలిపించుకోవాలా? ఒళ్ళు మండింది. "రుజువే తెస్తాను సార్" అని వచ్చి రైలెక్కాను. ఎక్కాక గానీ, ఆ రుజువు ఎలా తేవాలో నాకే తెలియదని గుర్తురాలేదు.

మా అత్తగారు పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీసే పనికి వెళ్తుంది. ఆవిడను బతిమాలి, పప్పు ఆరబెట్టే పాత రేకు ట్రేలు కొన్ని తెప్పించుకున్నాను. నౌపడ వెళ్ళి అమ్మ మడి నుంచి ఇసుకా బురదా బస్తాలకెత్తి తెచ్చాను. ట్రేలలో పరిచి, వేళ్ళతో అలలు దిద్ది, ఉప్పునీళ్ళు పోసి మేడ మీద ఎండకు పెట్టాను.

"ఏటమ్మా, పప్పు మానీసి బురద ఏయిత్తన్నావా? మార్కెట్ల దీనికే రేటెక్కువేటి?" అంది అత్తగారు.

"మీరు నవ్వండి అత్తయ్యా. రేపు పేపర్లో పడ్డాక మీకే చూపిస్తాను."

ట్రేలు ఎండాయి. మేడెక్కి చూశాను. మెలికలు లేవు. ఎండిన చెరువు నేల పగిలినట్టు, మూలలు తేలి, పెంకులు పెంకులుగా పగిలి ఉంది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ పెంకులే. ఇంకోసారి ఇసుక పాలు పెంచి పెట్టాను. అదీ అంతే. ఇది పట్టుకెళ్తే గైడు గారు, "చూశావా, అలాంటి మెలిక తిప్పాలంటే పురుగే ఉండాలి" అంటారు. నేను తెచ్చిన రుజువు నా నెత్తికే తగిలేలా ఉంది. ఆ వారమంతా ఇంట్లో గిన్నెలు నా చేతిలో కాస్త గట్టిగానే చప్పుడు చేశాయి.

అంతలో అమ్మ మమ్మల్ని చూడడానికి చేపలు పట్టుకుని పలాస వచ్చింది. మేడ మీదకు బట్టలారేయడానికి ఎక్కి ట్రేలు చూసింది.

"ఇవేటే?"

"మన మడి మట్టేనే."

వంగి, వేలితో రాసి చూసింది. ముఖం విప్పారింది. "బాగా సేసినావు గుంటా! పిసరంత పాచి నేదు. ఎంత సదువుకున్నా సెయ్యి మర్సిపోనేదు."

నేను అక్కడే మేడ మెట్టు మీద కూలబడ్డాను. ఓరి దేవుడా! మట్టి ఇంటికి తెచ్చిన ప్రతిసారీ నేను చేసిన మొదటి పని, దాని మీది పచ్చతోలు తీసి పారేసి, బురద కడిగి శుభ్రం చేయడం. ఎవరూ చెప్పలేదు, నేను ఆలోచించనూ లేదు. చేతులు వాటంతట అవే చేసేశాయి. పాచి గురించి రుజువు చేయబోయి పాచినే పారబోసిన పరిశోధకురాలు ఈ భూప్రపంచంలో నేనొక్కదాన్నే ఉంటాను. ఉప్పుమడి ఆడపిల్లకు తప్ప ఇంకొకరికి ఇంత తెలివి రాదు. పగలబడి నవ్వాను. అమ్మ కంగారుపడి, "ఎండదెబ్బేటే?" అని నుదురు పట్టుకు చూసింది.

"అమ్మా, నాకొక మడి ఇయ్యి" అన్నాను. "పాచి గీకకుండా వదిలెయ్. ఎండిపోయేదాకా ముట్టుకోకు."

"నీకేటి పట్టినాది? నలుగురూ ఏటనుకుంతారు? ముసిల్దైపోనాది, ఓపిక నేదు, మడి కుళ్ళబెట్టీసినాది అంతారు. నా మడిలో పాచి సూసినోడు ఇంతవరకూ పుట్టనేదు."

"నా చదువంతా దాని మీదే ఆగిందమ్మా."

"సదువుకీ పాచికీ సంబందమేటే?"

ఫోనులో రాతి బొమ్మ చూపించాను. అమ్మ దాన్ని దూరంగా పట్టుకుని చూసింది, దగ్గరగా పట్టుకుని చూసింది. "ఇదెవులి మడి? ఇలగొదిలీసినారు" అంది.

"మడి కాదే. నూట అరవై కోట్ల ఏళ్ళ కిందటి సముద్రం."

"అప్పుడు గీకీవోళ్ళు నేరేటి?"

అమ్మ వెటకారానికే అంది. కానీ అసలు సంగతి అదే. పాచిని గీకేవాళ్ళూ, మేసేవీ, తవ్వేవీ ఏవీ పుట్టని కాలం కాబట్టే, ఆ సముద్రపు అడుగంతా పాచి అలా దట్టంగా తోలు కట్టగలిగింది. తర్వాత నా అధ్యాయంలో దాని మీద పెద్ద భాగమే రాశాను.

అమ్మ వారం రోజులు గొణిగి, చివరికి వాగు పక్కనున్న ఆఖరి మడి వదిలేసింది. పాచి దట్టంగా కట్టింది. గాలి ఇసుక తెచ్చి దాని మీద చల్లింది. ఇసుక మీద మళ్ళీ పాచి కట్టింది. పక్క మడివాళ్ళు రోజూ గట్టు మీద ఆగేవారట. "ఏటి వదినా, మడలగొదిలీసినావు? ఒంట్ల బాగోనేదేటి?" మొదట్లో అమ్మ తల దించుకుని ఊరుకుంది. ఎన్నాళ్ళని ఊరుకుంటుంది? నాకు ఈ నోరు ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నారు! "ఉప్పు ఎవులైనా పండిత్తారు. మా గుంట ఆ మడిలో డాకటరీ పండిత్తంది. మీకేటి నొప్పి?" అందట.

ఆదివారమొస్తే నేను నౌపడలో ఉండేదాన్ని. మే నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం వెళ్ళేసరికి మడిలో నీళ్ళు పూర్తిగా ఇంకిపోయి ఉన్నాయి. గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని వంగి చూశాను. అవే! అలల సందుల్లో మెలికలు, చివర్లు సన్నగా, నడుమ లావుగా, ఒకదాని మీద ఒకటి ఎక్కి దాటుతూ. గైడు గారి కిటికీ కింది పలకను ఎవరో తెచ్చి మా మడిలో పరిచినట్టుంది. "పడ్డాయే అమ్మా, మెలికలు పడ్డాయే!" అని గట్టు మీద గంతులేశాను. నేను పామును చూసి ఎగురుతున్నాననుకుని పక్క మడివాళ్ళు కర్రలు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు.

ఆ సంబరం తీరనే లేదు. టెక్కలి కొండల మీద మబ్బు కమ్మింది. ఎండాకాలం గాలివాన చెప్పి రాదు. నాలుగు చినుకులు పడితే చాలు, ఆ తోలు నాని, గీతలన్నీ కలిసిపోతాయి. ప్లాస్టర్ కలిపి పోసే వ్యవధి లేదు. కప్పడానికి ఏమీ లేదు. ఉన్నవల్లా అమ్మ ఉప్పు కుప్ప మీద కప్పిన తాటాకు తడకలే.

అమ్మ ఒకసారి కుప్ప వైపు చూసింది, ఒకసారి మడి వైపు చూసింది. తర్వాత చీర చెంగు బిగించి, కుప్ప మీది తడకలు లాగడం మొదలెట్టింది.

"అమ్మా, ఉప్పు!"

"ఉప్పు మళ్ళా పండుద్ది. మీ సారు మళ్ళా ఉజ్జోగంలోకొత్తాడేటి? ఆ సివర పట్టుకో!"

ఇద్దరం పరుగులు పెట్టి కప్పాం. ఆఖరి తడక వేస్తూ అమ్మ పట్టు తప్పి మడిలో కాలు మోపింది. ఇంకా తడి ఆరని మూల, సరిగ్గా గీతల పక్కనే. "తొక్కేశావు! ఎంత పని చేశావే!" అని అరిచాను. "అరవకు, ఆకు నొక్కు" అంది అమ్మ. వాన దబదబా కొట్టింది. ఏడాది కష్టం తెల్లటి నీళ్ళై గట్టు మీంచి వాగులోకి జారిపోతుంటే, అమ్మ తడిసి ముద్దై నిలబడి, తడకల మీద రాళ్ళు పెడుతోంది. నాకు దుఃఖం ముంచుకొచ్చింది. వానలో ఏడిస్తే కనబడదు కదా, తనివితీరా ఏడ్చాను.

మర్నాడు ఎండ కాసింది. తడకలు తీశాం. గీతలు గీతల్లాగే ఉన్నాయి. ప్లాస్టర్ పోసి అచ్చు తీశాను. అమ్మ అడుగుతో సహా వచ్చింది. మొదట ఆ మూల కోసేద్దామనుకున్నాను. తర్వాత ఒక ఆలోచన వచ్చి, కోయలేదు.

గైడు గారిని అడిగి ఆయన పలకలకు కూడా అచ్చులు తీసుకున్నాను. వాటిలోనూ అదే ప్లాస్టర్ పోశాను. మడిదీ, రాళ్ళవీ అన్నింటికీ ఒకే ఎర్రమట్టి రంగు పూశాను. ప్రతి దానికీ ఒక మూల ఒకే సైజు కాగితం అంటించి, అంకె వేశాను. జూన్‌లో స్నేహితులిద్దరూ ఒడిశాలో ఏదో సభకు వెళ్తున్నారని తెలిసి, పలాసలో దిగి మా ఇంట్లో టిఫిను చేసి వెళ్ళమని బతిమాలాను. అత్తగారు జీడిపప్పు ఉప్మా చేసింది. ముందు గదిలో బల్ల మీద అచ్చులన్నీ వరసగా పెట్టాను.

"సార్, వీటిలో పురుగు జాడ అని మీరు దేనికి పూచీ పడతారో చెప్పండి" అన్నాను.

గైడు గారు భూతద్దం తీశారు. ఒక్కొక్కటీ చూస్తూ వచ్చి, ఒకదాని దగ్గర ఆగిపోయారు. స్నేహితుణ్ణి చెయ్యి పట్టి లాగారు. "ఇదిరా! ఇది చూసి చెప్పు. ఒకదాని మీంచి ఒకటి ఎలా దాటిందో చూడు. దీన్ని పురుగు కాదన్నవాడికి కళ్ళు లేవు." హైదరాబాదాయన చాలాసేపు చూసి, "ఇది మాత్రం ఆలోచించాల్సిందే" అని ఒప్పుకున్నారు.

"ఎన్నేళ్ళదంటారు సార్?"

"నూట అరవై కోట్లు. నా పలకే కదమ్మా!"

"వెనక సంతకం పెడతారా?"

పెన్సిలు తీసి, 'జంతువు జాడ' అని రాసి, పొడుగ్గా సంతకం పెట్టారు.

"ఇప్పుడు ఆ మూల కాగితం తీయండి సార్."

తీశారు. ఐదు వేళ్ళు. రెండో వేలికి మెట్టె గుర్తుతో సహా, బొద్దుగా, స్పష్టంగా.

"నూట అరవై కోట్ల ఏళ్ళ కిందట మెట్టెలు పెట్టుకుని తిరిగిందెవరు సార్?" అన్నాను. "మా అమ్మ. ఇది మొన్న మే నెలది. నౌపడ. పురుగు లేదు, ఏమీ లేదు, పాచే."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ అత్తగారు "ఓలమ్మో!" అని నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. హైదరాబాదాయన పడీ పడీ నవ్వడం మొదలెట్టారు.

"మీరు నవ్వకండి సార్" అని, మేడ మీంచి తెచ్చి ఉంచిన ట్రే ఆయన ముందు పెట్టాను. "అదే మడి ఇసుక. పాచి తీసేసి ఎండబెట్టాను. ఉత్త ఎండ పగులంటే ఇదీ. పెంకులు పెంకులుగా. పాచి ఉంటేనే ఆ మెలిక తిరుగుతుంది. ఆ రాతిలో ప్రాణం ఉంది సార్. మీరనుకున్న ప్రాణం కాదు, మీరు లేదన్న ప్రాణమూ కాదు."

ఆయన నవ్వు ఆగిపోయింది. అది ఆగాక మా గైడు గారి నవ్వు మొదలైంది. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటూ, "ఇన్నేళ్ళు పెంచుకున్న పురుగును మీ అమ్మ ఒక్క తొక్కుతో చంపేసిందమ్మా" అన్నారు. అధ్యాయం బతికింది. నేను గెలిచాను. అత్తగారు ఆ సంగతి సాయంత్రానికి ఫ్యాక్టరీ అంతా చెప్పేసింది.

ఆ రోజు వాళ్ళు ఒడిశా రైలు వదులుకుని నౌపడ వచ్చారు. గైడు గారు చెప్పులు విప్పి మడిలోకి దిగబోతుంటే అమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. "ఆ మడి సూడకండి బాబూ! ఇలగ రండి, మంచి మడి సూపిత్తాను" అని, అద్దంలా గీకి పెట్టిన మడుల వైపు ఆయన్ని లాక్కుపోయింది. మొన్నటిదాకా నవ్విన పక్క మడివాళ్ళు ఇప్పుడు ఆ పాచి చూడడానికి గట్టు మీద బారులు తీరారు. "నవ్విన నాపసేనే పండుతాది" అంది అమ్మ, అందరికీ వినబడేలా.

రిటైరయ్యే ముందు గైడు గారు సంతకాలన్నీ పెట్టారు. నాకు పట్టా వచ్చిన రోజు అమ్మను విశాఖ తీసుకెళ్ళాను. డిపార్టుమెంటు వరండాలో అద్దాల బీరువా ఉంది. అందులో వింధ్య పలక, దాని పక్కనే మా మడి అచ్చు, మూలన అమ్మ పాదం. గైడు గారు పని కట్టుకుని వచ్చి, అమ్మను దగ్గరుండి చూపించారు.

అమ్మ అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూసింది. తన పాదాన్ని పట్టించుకోనే లేదు. రాతి మీది గీతలు, మడి గీతలు, మళ్ళీ రాతి మీదివి.

"తేడా ఏటీ నేదు బాబూ" అంది.

"లేదమ్మా" అన్నారాయన. "మీ అమ్మాయి రాసిందంతా అదే."